ఏటమ్మా ఈ బొమ్మ?

బొమ్మలు వేసే ఆడవాళ్లకి రెండు ప్రశ్నలు ఎదురవుతుంటాయి. ‘ఏటమ్మా ఈ బొమ్మ?’ అన్నది మొదటిది. ‘ఎంతకి పోతుంది?’ అన్నది రెండోది. నెమలినో, కృష్ణుణ్నో వేసిన వాళ్లకి మొదటి ప్రశ్న బాధ లేదు. రంగులూ, ఇసుకా, గుడ్డపేలికలూ, కాగితం ముక్కలూ కలిపి, ఏ రూపమూ లేని బొమ్మ వేసేవాళ్లకి మాత్రం రెండూ తప్పవు. మొదటి దానికి ఏం చెప్పాలో తెలీక కొందరు వేయడమే మానేస్తారు. రెండో దానికి జవాబు లేక ఇంకొందరు బొమ్మని బీరువా మీదకి ఎక్కించేస్తారు. అక్కడ దానికి బూజే తోడు.

నేనూ అలాంటి బొమ్మలే వేస్తాను. ఏ ఆర్టు కాలేజీలోనూ చదువుకోలేదు. విజయనగరంలో మా ఇంటి వెనక వసారాయే నా గది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక, సాయంత్రం కాఫీల వేళ అయ్యేలోగా దొరికే గంటా గంటన్నరే నా సమయం. పదిహేనేళ్లుగా వేస్తున్నాను. ఒక్కటీ అమ్మలేదు, అమ్మాలని అనుకోలేదు కూడా. కాబట్టి ఆ రెండు ప్రశ్నలతో నాకు పాత పరిచయమే.

వాటిని తట్టుకుని ఇన్నేళ్లు వేశాక నాకు తెలిసింది ఒకటుంది. బొమ్మ వేయడం సగం పని. నలుగురికీ చూపించడం మిగతా సగం. ఆ రెండో సగాన్ని మన ఆడవాళ్లం వదిలేస్తున్నాం.

మన వాకిట్లో లేనిదేం కాదు

నైరూప్య చిత్రం అనగానే చాలామంది ‘అమ్మో, అది పెద్దవాళ్ల వ్యవహారం’ అని జంకుతారు. సంగతి చిన్నదే. చెట్టుని చెట్టులా, మనిషిని మనిషిలా చూపించకుండా రంగూ, గీతా, గరుకూ, నునుపూ, మధ్యలో వదిలిన ఖాళీ... వీటితోనే మనసులో మాట చెప్పడం. మిక్స్‌డ్ మీడియా అంటే ఒక్క రంగులతోనే సరిపెట్టుకోకుండా చేతికందిన వస్తువులన్నీ ఒకే బొమ్మలో కలపడం.

ధనుర్మాసంలో మన వాకిళ్లు గుర్తు తెచ్చుకోండి. పేడతో అలికిన నేల, దానిమీద పిండిముగ్గు, పసుపూ కుంకుమా, గొబ్బెమ్మ, ఆ నెత్తిన గుమ్మడిపువ్వు. ఎన్ని వస్తువులు కలిశాయో లెక్కపెట్టండి. మెలికల ముగ్గులో పిట్టా ఉండదు, పువ్వూ ఉండదు. చుక్కల చుట్టూ తిరిగే గీత ఒక్కటే. దాన్ని చూసి ‘ఈ మెలికకి అర్థమేమిటి?’ అని ఎవరైనా అడిగారా? కుదిరిందా లేదా అని చూస్తారు, అంతే. అమ్మమ్మలు కుట్టిన బొంత కూడా అలాంటిదే. చిరిగిన నేతచీర పక్కన తాతగారి పంచె ముక్క, దాని పక్కన చిన్నప్పటి గౌను ముక్క. ఏది ఎక్కడ పడితే బాగుంటుందో వాళ్లకి ఎవరూ నేర్పలేదు. అందమూ తెలుసు, ఆ గుడ్డల వెనకున్న కథలూ తెలుసు.

బొమ్మ అన్నది గోడకి అలంకారం మాత్రమే కాదని చెప్పేవాళ్లూ మనకి దగ్గర్లోనే ఉన్నారు. సీతంపేట కొండలు 2022 దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండేవి, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. అక్కడి సవరల సంప్రదాయంలో ఎర్రమట్టి పూసిన గోడమీద బియ్యప్పిండితో తెల్లగా బొమ్మలు రాస్తారు. మనుషులు, జంతువులు, చెట్లు, సూర్యుడూ చంద్రుడూ. అవి పూర్వీకులకీ దేవతలకీ ఇంట్లో చూపించే చోటు. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం మీద తెచ్చిన పెద్ద పుస్తకంలో ఈ బొమ్మల గురించి వివరంగా రాశాడు. మన బొమ్మలు వేరు, వాళ్ల బొమ్మలు వేరు. వాళ్ల గీతల్లో ప్రతిదానికీ ఒక పని ఉంది. అందుకే సరదాబొమ్మలు వేసే మనలాంటివాళ్లం ఆ ఆకారాల్ని ఎత్తుకొచ్చి మన అట్టమీద అతికించుకుని మనవేనని చెప్పుకోవడం న్యాయం కాదు. ఆ బొమ్మ నచ్చితే వేసిన సవర చేతికే డబ్బిచ్చి కొనుక్కుందాం. నేర్చుకోవలసింది వేరే ఉంది. బొమ్మ అంటే ‘బాగుంది’ అనిపించుకోవడానికే పుట్టలేదని.

చేతికందిన సరుకు

మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చు లేదు. కాన్వాసు కొనక్కర్లేదు. వడ్రంగి దగ్గర మిగిలిన ప్లైవుడ్ ముక్క చాలు. మందపాటి అట్టయినా పనికొస్తుంది. అట్టకి రెండువైపులా తెల్లరంగు పూయండి. ఒక్కవైపే పూస్తే ఆరేసరికి అప్పడంలా వంకర తిరుగుతుంది. గోడలకి వేసే తెల్ల ఎమల్షన్ ఇంట్లో అడుగున మిగిలి ఉంటుంది. అదే పునాది. పైన వేయడానికి నీళ్లలో కలిసే ఆక్రిలిక్ రంగులు ఎరుపు, పసుపు, నీలం, నలుపు, తెలుపు ఉంటే మిగతావన్నీ కలుపుకోవచ్చు. అతికించడానికి ఫెవికాల్. మైదా జిగురు వద్దు. మన వానాకాలం చెమ్మకి బూజు పడుతుంది, పురుగులూ చేరతాయి.

ఇక వస్తువులంటారా, మన రెండు జిల్లాల్లో వాటికేం కొదవ? కళింగపట్నం ఒడ్డు ఇసుక ఓ గుప్పెడు తెచ్చుకుంటే చాలా బొమ్మలకి వస్తుంది. మంచినీళ్లలో రెండుమూడుసార్లు కడిగి, ఎండలో పోసి వాడాలి. ఉప్పు మిగిలితే అది చెమ్మ లాగుతుంది. జూట్ మిల్లులతో పేరుపడ్డ ఊళ్లు మనవి, నెల్లిమర్ల, విజయనగరం. గోగునారో, పాత గోనెసంచి పీచో అడిగితే ఎవరైనా ఇస్తారు. దాన్ని జిగురుతో అతికించి పైన రంగు పూసి, ఆరకముందే తడిగుడ్డతో తుడిచేయండి. రంగు పీచు సందుల్లోనే నిలిచిపోయి, ఎండిన చేను మొహం కనిపిస్తుంది. నా దగ్గర మా నాన్నగారి పొందూరు ఖద్దరు పంచె ముక్కలున్నాయి. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకి, సన్నటి నూలు వడికే చేతులు ఆడవాళ్లవి. అది గుర్తుంటే చిన్న పేలికనైనా పారేయబుద్ధి కాదు.

ఒక్క జాగ్రత్త. పలాస వైపు వాళ్లకి జీడిపిక్కల పెంకులు ఊరికే దొరుకుతాయి, చూడ్డానికీ బాగుంటాయి. కానీ ఆ పెంకులో నూనె చేతుల్ని బొబ్బలెక్కిస్తుంది. జీడి పని చేసే ఆడవాళ్ల వేళ్లు చూస్తే తెలుస్తుంది. బొమ్మకోసం ఆ బాధ తెచ్చుకోకండి.

బరువైనవి ముందు, పల్చనివి తరవాత. ఒక పొర పూర్తిగా ఆరాకే రెండోది. పచ్చి ఆకులూ పువ్వులూ అతికించకండి, కుళ్లిపోతాయి. ఇవన్నీ నాలుగు బొమ్మలు వేసేసరికి అవే వచ్చేస్తాయి. కష్టమైంది ఎక్కడ ఆపాలో తెలుసుకోవడం. దానికి నేను చేసే పని ఒకటే. బొమ్మని తలకిందులుగా గోడకి ఆనించి రెండురోజులు అటూ ఇటూ తిరుగుతూ చూస్తాను. అప్పుడూ కన్ను ఎక్కడా తట్టుకోకపోతే ఇక ముట్టుకోను.

తిత్లీ తరవాత

రూపం లేని బొమ్మతో ఏం ఒరుగుతుంది అని అడిగేవాళ్లకి నా బొమ్మ ఒకదాని సంగతి చెబుతాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర్లో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరితోటలూ జీడితోటలూ ఎలా పడిపోయాయో మన వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. మా పిన్నివాళ్ల తోట కూడా అందులోదే. కొబ్బరిచెట్టు కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. పడిపోవడానికి ఒక్క రాత్రి చాలింది. నెల తరవాత వెళ్లొచ్చాక నాకు చేతులు ఊరుకోలేదు. పడిపోయిన చెట్లు గీయాలనిపించలేదు. ఆ ఫొటోలు అప్పటికే పేపర్లలో అందరూ చూసేశారు. నా మనసులో ఉన్నది చెట్టు కాదు, ఒకే దిక్కుకి వాలిపోవడం.

పిన్నివాళ్ల పెరట్లోంచి తెచ్చుకున్న కొబ్బరిపీచు దువ్వి, ప్లైవుడ్ మీద అంతా ఒకేవైపుకి వాలేట్టు అతికించాను. ఎగిరొచ్చి పడ్డ రేకు ముక్క తుప్పుతో సహా ఒక మూల పెట్టాను. పొయ్యిబూడిద జిగురులో కలిపి పూశాను. మధ్యలో అరచేయంత తెల్లగా వదిలేశాను. అందులో చెట్టు లేదు, ఇల్లు లేదు, మనిషి లేదు.

ఆ బొమ్మ ముందుగదిలో పెట్టాను. ‘గోనెపట్టా ఎందుకు తగిలించావమ్మా?’ అన్నవాళ్లున్నారు. ఓ రోజు మా పక్కింటికి వజ్రపుకొత్తూరు వైపు నుంచి చుట్టాలొచ్చారు. వాళ్లలో డెబ్బై దాటిన ఒక పెద్దావిడ మా ఇంటికీ వచ్చింది. ఏం బొమ్మని ఆవిడ అడగలేదు. దగ్గరికెళ్లి పీచు వాలిన వైపుకే అరచేత్తో రాసి, ‘గాలి ఇటునుంచేనమ్మా వొచ్చింది’ అంది. ఆ తరవాత గంటసేపు కూచుని చెప్పింది. తోటలో ఏ చెట్టు ఎవరు పుట్టినప్పుడు నాటారో, ఆ రాత్రి ఎవరింట్లో తలదాచుకున్నారో అంతా. ఆ సంగతులు అంతకుముందు ఎవరికీ వరసగా చెప్పలేదని వాళ్ల కోడలు తరవాత నాతో అంది.

ఆ బొమ్మలో నేను కొబ్బరిచెట్టు వేసి ఉంటే ‘పాపం, చెట్టు పడిపోయింది’ అని వెళ్లిపోయేదేమో! వదిలిన ఖాళీలో ఆవిడ తన తోట పెట్టుకుంది. రూపం లేని బొమ్మ చేసే పని అదే. చూసేవాళ్లకి చోటిస్తుంది. బీరువా మీద ఉన్నంతకాలం అది పీచూ రేకూ మాత్రమే. ఎవరో వచ్చి చూసినప్పుడే బొమ్మ అవుతుంది.

దాచిపెట్టిన బొమ్మలు

ఈ దాచుకోవడం మన ఒక్కళ్ల జబ్బు కాదు. స్వీడన్‌లో హిల్మా ఆఫ్ క్లింట్ అని ఒకావిడ ఉండేది. 1906లోనే రూపంలేని బొమ్మలు వేయడం మొదలుపెట్టింది. అలాంటి బొమ్మలకి ఆద్యులని పుస్తకాల్లో పేరు రాసుకున్న మగవాళ్లకంటే ముందన్నమాట. లోకం ఇంకా సిద్ధంగా లేదనుకుని, తను పోయాక ఇరవై ఏళ్లదాకా ఎవరికీ చూపించొద్దంది. 1944లో పోయింది. 2018లో న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో ఆ బొమ్మలు పెడితే 6 లక్షల మందికి పైగా వచ్చి చూశారు. సంతోషమే. కానీ ఆ జనంలో ఒక్కరి మాటైనా ఆవిడ చెవిన పడలేదు కదా!

మన దేశంలోనే ఇంకో కథ ఉంది. అవనీంద్రనాథ్ టాగూర్ చెల్లెలు సునయనీదేవి. ఏ బడిలోనూ నేర్చుకోకుండా, పెళ్లయి పిల్లలు పుట్టాక, ముప్ఫై ఏళ్ల వయసులో ఇంటిపనుల మధ్యే కుంచె పట్టింది. 1922లో కలకత్తాలో జర్మనీ బౌహౌస్ కళాకారుల బొమ్మలతోపాటు మనవాళ్లవీ ప్రదర్శనకి పెట్టారు. కాండిన్‌స్కీ, పాల్ క్లే బొమ్మలున్న ఆ ప్రదర్శనలోనే ఈ ఇల్లాలి బొమ్మలూ ఉన్నాయి. ఎవరో చూశారు కాబట్టి, చూపించారు కాబట్టి ఆ పేరు మిగిలింది.

మన తెలుగునాట సంగతి చూద్దాం. రాజమండ్రి దామెర్ల రామారావు పేరు చాలామందికి తెలుసు. 1925లో చిన్నవయసులోనే పోయిన గొప్ప చిత్రకారుడు. ఆయన భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేసేవారని ఎందరికి తెలుసు? మన శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య పేరు ఇంటింటా తెలియడానికి కారణం గ్యాలరీలు కావు. చందమామ, యువ పత్రికల అట్టలమీద ఆయన బొమ్మ నేరుగా నట్టింట్లోకి వచ్చింది. మనవాళ్లు ఆ అట్టలు కత్తిరించి ఫ్రేములు కట్టించుకున్నారు. బొమ్మకి కావలసింది నట్టిల్లే. మన బొమ్మలకీ అదే చాలు.

పేరంటం పిలుద్దాం

చూపించాలంటే హాలు అద్దెకి తీసుకోవాలి, ఎవర్నో పిలిచి రిబ్బను కత్తిరించాలి అనుకుంటాం. అక్కర్లేదు. సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టి పేరంటం పిలిచే అలవాటు మనలో కొన్ని ఇళ్లలో ఉంది. మెట్లమీద బొమ్మలు సర్ది, వీధిలో వాళ్లని పిలిచి చూపించి, పసుపూ కుంకుమా, శనగలూ ఇచ్చి పంపడం. అంతకంటే మంచి ప్రదర్శన ఏముంది? మెట్లమీద బొమ్మలతోపాటు గోడకి మనం వేసిన బొమ్మలు నాలుగు ఆనిద్దాం. పండగే అక్కర్లేదు, ఏ ఆదివారం సాయంత్రమైనా సరే.

గత మూడేళ్లుగా మా వీధిలో ఐదుగురం ఇలా చేస్తున్నాం. ఒక్కొక్కసారి ఒక్కొక్కళ్ల ఇంట్లో. ఒకావిడ ట్యూషన్లు చెబుతుంది, ఒకావిడ టైలరు, ఒకావిడ బ్యాంకులో రిటైరయింది. మతం, మడి, పసుపుకుంకుమల పట్టింపు లేకుండా భర్త పోయినవాళ్లనీ, పెళ్లికాని వాళ్లనీ, ఇతర మతాల వాళ్లనీ అందర్నీ పిలుస్తాం. పాత పేరంటాలకి పిలుపు అందని ఆడవాళ్లే మా పేరంటానికి ముందు వరస.

మేం పెట్టుకున్న నియమాలు నాలుగే. ధర అడగకూడదు. ‘బాగుంది’ అని ఊరుకోకూడదు. ‘ఇదేమిటి?’ అనే బదులు ‘నాకిది ఫలానాది గుర్తు చేసింది’ అనాలి. వేసినావిడ చివరిదాకా నోరు విప్పకూడదు. ఈ నాలుగోది కష్టం! కానీ అదే అసలైంది. మనం పెళ్లి అనుకుని వేసిన ఎరుపుని ఎదుటావిడ పురిటిగది అంటుంది. ఇద్దరిదీ నిజమే. ఒకసారి మా పనమ్మాయి ఒక నీలంబొమ్మ చూసి, ‘ఇది మా ఊరి చెరువులో తామరాకు కిందన నీడ’ అంది. మేం చదువుకున్నవాళ్లం ఐదుగురం అప్పటికి పావుగంటగా వెతుక్కుంటున్నాం.

ఇల్లు ఇరుకైతే ఊళ్లో గ్రంథాలయం ఉంది, బడి వరండా ఉంది. అడిగితే ఒకపూట ఇవ్వని ఊళ్లు తక్కువ. దూరంగా ఉన్న పిల్లలకి ఫోనులో ఫొటో పంపేటప్పుడు కిటికీ పక్కన పెట్టి, వెలుతురు పక్కవాటుగా పడేట్టు తీయండి. లేకపోతే గరుకంతా చదునైపోయి గోడకి కొట్టిన రంగులా ఉంటుంది. అయినా ఫోను చూడ్డానికే. ఇలాంటి బొమ్మని చేత్తో తడమాలి.

ధర లేని పని

ఇక ‘ఎంతకి పోతుంది?’ అన్న ప్రశ్న. అమ్ముకునేవాళ్లని నేను తప్పుపట్టను. దానిమీదే బతికేవాళ్లకి సరైన ధర దక్కాలి కూడా. కానీ ఆడదాని చేతిలో ఏ పని కనిపించినా ‘దీన్ని వ్యాపారం చేయొచ్చుగా?’ అనడం ఈమధ్య అలవాటైపోయింది. కేకు చేస్తే షాపు పెట్టమంటారు, జాకెట్టు కుడితే బొటిక్ అంటారు. మగవాళ్లు సాయంత్రం పేకాడితే ఎంత లాభమని ఎవరూ అడగరు. మన గంటన్నరకి మాత్రం రసీదు చూపించాలి! ఆ లెక్కలో పడితే కొనేవాళ్ల రంగులే మన రంగులవుతాయి. సోఫాకి నప్పే బొమ్మలు తప్ప మన చేతికి ఇంకేమీ రాదు.

ఇంట్లో వాళ్లతో గొడవపడమని చెప్పడం లేదు. మా అత్తగారు మొదట్లో ‘రంగులు కలిపే చేత్తో పప్పు కలిపితే నాలుగు ముద్దలు ఎక్కువ తింటారు కదమ్మా’ అనేవారు. పేరంటాలు మొదలయ్యాక వచ్చినవాళ్లకి నా బొమ్మలు ఆవిడే చూపించేవారు. ఎవరైనా ‘ఏటిది?’ అంటే, ‘నీకేటి అగుపిస్తే అది’ అని నవ్వేవారు. ఇంతకంటే మంచి జవాబు నాకింతవరకూ దొరకలేదు.

వయసైపోయిందనుకునే వాళ్లకి ఒక్కమాట. ఇంగ్లండులో మేరీ డెలానీ అనే ఆవిడ భర్త పోయాక, 1772లో, 72వ ఏట కత్తెర పట్టింది. రంగుకాగితాలు సన్నగా కత్తిరించి నల్లకాగితం మీద అతికిస్తూ పువ్వుల బొమ్మలు చేసింది. కళ్లు సహకరించినన్నాళ్లూ చేసి, దాదాపు వెయ్యి పూర్తిచేసింది. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. మనవి మ్యూజియానికి వెళ్లకపోయినా నష్టం లేదు. మనం పోయాక ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత అట్టలనుకుని కట్టగట్టి పారేస్తేనే నష్టం. పారేసేది ఎవరు? మన పిల్లలే. మనం చూపించకపోతే, మాట్లాడకపోతే అవి ఏమిటో వాళ్లకి మాత్రం ఎలా తెలుస్తుంది?

అందుకని ఈ వారం ఓ పని చేయండి. స్టూలేసుకుని బీరువా మీది బొమ్మ కిందకి దించండి. వెనకవైపు మీ పేరు, తేదీ, దాంట్లో ఏమేం వాడారో రాయండి. ముందుగదిలో మేకుకి తగిలించండి. పక్కింటావిడని కాఫీకి పిలవండి. ఆవిడేమంటుందో వినండి.